పారాణి గీతలు

నేను రిటైరయ్యానంటే అందరూ నవ్వుతున్నారు. ముప్పై రెండేళ్ల దానికి రిటైర్‌మెంటేంటి అని. ఏం చెయ్యను, మా ఆసుపత్రిలో క్యాన్సరుకి రేడియేషన్ ఇచ్చే కోబాల్టు మిషను తీసేసి కొత్తది పెడుతున్నారు. కొత్తదాని దగ్గరికి నర్సింగు చదివిన పిల్లలే కావాలట. నేను ఆయాని, చదివింది పదో తరగతి, అదీ లెక్కల్లో పోయింది. పదమూడేళ్లు కలిసి పనిచేశాం నేనూ ఆ మిషనూ. ఇద్దర్నీ ఒక్క నెలలోనే పంపించేశారు. మిషనుకి లారీ మాట్లాడారు, నాకు పూలదండ వేశారు.

దండ వేసిన రోజునే మా సుగుణ సిస్టర్ గారు అన్నారు. "దేవీ, వెళ్లేలోపల కొత్తపిల్లల కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టవే. నువ్వు నోటితో చెప్తే సాయంత్రమైపోద్ది. రాస్తే చెయ్యి నొప్పెట్టి అయినా ఆపుతావు."

చెయ్యి ఇంకా నొప్పెట్టలేదు. రాస్తున్నాను.

మన పని

మన వైపు జనం రేడియేషన్ అనరు, "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. ఎవరైనా భయంగా "కరెంటు పెడతారంట కదమ్మా, షాకు కొడతదా?" అని అడిగితే నవ్వకండి. మొదటిరోజు నేనూ అలాగే అడిగాను, రాజు గారిని. రాజు గారంటే మిషను నడిపే ఆయన. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది, అందుకే చెప్తున్నాను.

జబ్బు ఎక్కడుందో డాక్టరు గారు చూసి, ఒంటి మీద ఎర్ర సిరాతో గీతలు గీస్తారు. ఆ గీతల మధ్యలోకే మిషను పడాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకోసారి, అలా ఐదారు వారాలు. రాజు గారు గీతల్ని నమ్ముతారు. గీత చెరిగితే ఆయనకి దారి పోయినట్టే.

లోపలి జబ్బు సంగతి మిషను చూసుకుంటుంది. పైన తోలు సంగతి మనది. రెండు వారాలు దాటాక గీతల మధ్య తోలు నల్లబడుతుంది, దురద పెడుతుంది, పొట్టు రాలుతుంది. కొందరికి పచ్చిగా అయిపోయి చెమ్మ ఊరుతుంది. దానికి మా రోజుల్లో జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు పూసేవాళ్లం. సబ్బు వద్దు, నూనె వద్దు, రాపిడి వద్దు, ఎండ వద్దు, మెత్తటి నూలు జాకెట్టు వేసుకోమనేవాళ్లం. వినడానికి ఎంత తేలికో! ఇవన్నీ వద్దని చెప్పాల్సింది మన గోదావరి ఆడవాళ్లకి. ఒంటికి పసుపు, తలకి కొబ్బరినూనె, పిల్లకి నలుగు, దెబ్బకి వేపాకు, వాపుకి పసుపూ సున్నం. వీటన్నిటినీ వదిలేసి ఊరికే కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

నేను కడియం నర్సరీల్లో పుట్టినదాన్ని. కలబంద మా గట్టు మీద పెరిగేది. ఆకుల మీద నాకూ నమ్మకమే, ఇప్పటికీ. కానీ ఆకుకి ఒక వేళ ఉంటుంది. కరెంటు నడిచే రోజుల్లో ఆ తోలు మీద ఏం రాయాలన్నా ముందు డాక్టరు గారు చూడాలి. ఇంత చిన్నమాట ఒప్పించడం నేను నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. నేర్పింది డాక్టరు గారు కాదు. అంతర్వేది అవతల వేటపల్లె నుంచి వచ్చిన మంగమ్మ.

తాళి ముడి

మంగమ్మకి యాభై ఉంటాయి. చేపలమ్మేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా ఉండాలని ఆ పల్లెల్లో ఆడవాళ్లు అలాగే కాలుస్తారు. నోట్లో అంగిట్లో పుండు లేచింది, ఎడమ పక్క మెడలో బిళ్ల కట్టింది. చెంప నుంచి మెడ దాకా కరెంటు పెట్టాలన్నారు. మొగుడు పోలయ్య తోడొచ్చాడు, ఇద్దరూ ఆసుపత్రి వరండాలోనే మకాం. వేటకెళ్లే మనిషి. ఆసుపత్రి గచ్చు మీద అడుగు వేస్తే పడవలో నడిచినట్టే నడిచేవాడు.

మొదటిరోజు మెళ్లో ఉన్నవన్నీ తీసేయమన్నాను. మంగమ్మ పుస్తెలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏంటమ్మా తీసేది? నా మొగుడు ఎదురుగుండా నిలబడి ఉండగా తాళి తియ్యమంటావా?"

"మెడ మీద రాపిడి పడకూడదండి..."

"మెడ పోతే పోనియ్. పద మావా, ఇంటికి పోదాం."

గొడవ విని సుగుణ సిస్టర్ గారు వచ్చారు. ఆవిడ మంగమ్మని కాదు, పోలయ్యని పిలిచారు.

"మీరు కట్టిన ముడే కదండీ పోలయ్య గారూ. మీరే విప్పి, మీ చేత్తోనే ఆవిడ కుడిచేతికి కట్టండి. కరెంటు అయ్యాక మళ్లీ మీరే మెళ్లో కడుదురుగాని. రెండుసార్లు పెళ్లి ఎవరికి దొరుకుద్ది?"

"ఆయ్, అలాగేనండి," అని పోలయ్య తెగ సిగ్గుపడిపోయాడు. మంగమ్మ "సాల్లే సంబడం" అంది కానీ చెయ్యి చాపింది. పసుపుతాడు మణికట్టుకి మూడు చుట్లు తిరిగింది.

సిస్టర్ గారు గొంతు పెంచలేదు, మొగుణ్ణి పెద్దమనిషిని చేసి పని జరిపించేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. చూశాను గానీ నేర్చుకోలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, నాలుక కొంచెం పొడుగు.

నేను అరిచిన రోజు

వారం తిరక్కుండానే ఒక పొద్దున్న మంగమ్మ జాకెట్టు మెడ దగ్గర పచ్చగా కనిపించింది. ముట్టుకుని చూస్తే పసుపు. పొద్దున్నే ఆసుపత్రి బావి దగ్గర మొహానికి రాసుకుని, మెడకి కూడా తోసేసింది.

బయట బెంచీల మీద పదిహేను మంది కూర్చున్నారు. వాళ్లందరి ముందూ అరిచాను. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చదువు లేకపోతే పోయింది, చెవులైనా లేవా? రేపు తోలు ఊడిపోతే మా మీద పడి ఏడుస్తావా?"

చదువు గురించి నేనన్నాను చూడండి. లెక్కల్లో పోయినదాన్ని.

మంగమ్మ చేపలబేరంలో ఊళ్లని ఎదిరించి నిలబడగలదు. అలాంటిది, తల దించుకుని కొంగుతో మెడ తుడుచుకుంది. నేను గెలిచాననుకున్నాను. మర్నాటి నుంచి ఆవిడ మెడ శుభ్రంగా ఉండేది. "చూశారా సిస్టర్ గారూ, ఒక్కసారి గట్టిగా చెప్తే సరి" అని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

సిస్టర్ గారు దూది చుడుతూ, "ఇప్పుడు నీతో మాట్లాడుతుందా?" అన్నారు.

మాట్లాడటం లేదు. "ఎలా ఉందండి?" అంటే "బానే ఉంది." "నొప్పా?" అంటే "లేదు." అంతే. నాకు ఒళ్లు మండి నేనూ ఆవిడ దగ్గరికి వెళ్లడం తగ్గించాను. దూరం నుంచే చూసి పంపించేసేదాన్ని.

పారాణి

నాలుగో వారం చివర్లో మంగమ్మ కూతురు సత్యవతిని పెళ్లికూతుర్ని చేశారు. డాక్టరు గారు శనాదివారాలు ఇంటికెళ్లి రమ్మన్నారు. సోమవారం మంగమ్మ టైముకే వచ్చింది. నేను గుమ్మంలోంచి చూశాను. గీతలు ఎర్రగా ఉన్నాయి. రాజు గారు మిషను సరిచేశారు, కరెంటు పెట్టారు, ఆవిడ వెళ్లిపోయింది.

మంగళవారం ఆవిడ బల్ల మీద పడుకోబోతూ పళ్లు బిగించింది. గుమ్మంలోంచే చూశాను మళ్లీ. కానీ ఆ పళ్లు బిగించడం నాకు నచ్చలేదు. దగ్గరికి వెళ్లాను. మెడ మీద గీత ఉన్నచోట, సరిగ్గా గీత ఎంత వెడల్పుందో అంత మేరా, తోలు చెక్కుకుపోయింది. మా సిరా అలా కొరకదు. వేలితో అంటీ అంటకుండా తాకాను. పొడి రాలింది. వాసన చూశాను.

ఆ ఏడే నాకు పెళ్లయింది. ఆ వాసన తెలియకపోవడమేంటి? పసుపూ సున్నం కలిపితే వచ్చే ఎరుపు. పారాణి.

"రాజు గారూ, ఆపండి!" అన్నాను.

మంగమ్మని లేపి కూర్చోబెట్టాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "ఏం జరిగిందమ్మా?"

తల ఎత్తకుండానే అంది. "పెళ్లికూతురి తల్లినని నాకూ తలంటి పోశారు. నలుగు పెట్టొద్దన్నాను, మా వదినలు వింటేనా? గీతలు పోయాయి. నువ్వు అరుస్తావని..."

"అరుస్తానని?"

"అద్దంలో సూసుకుంటా, పిల్ల కాళ్లకి కలిపిన పారాణితో నేనే గీసుకున్నాను. సీపురుపుల్లతో. అచ్చం మీ గీతల్లాగే గీశాను గదా?"

అచ్చం అలాగే గీసింది. ఒక్క వేలెడు కిందకి. సోమవారం కరెంటు వేలెడు కిందకే పడింది.

ఈ పనిలో మనం భయపడాల్సింది మిషనుకి కాదు. రోగి మనకి భయపడే రోజుకి.

అది దాచెయ్యొచ్చు. సిరాతో గీత మళ్లీ పైకి గీసేస్తే అడిగేవాళ్లు లేరు. ఒక్క నిమిషం ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. కానీ మంగమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఎందుకు పట్టుకుందో నాకు తెలీదు. తిన్నగా డాక్టరు గారి గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. నేను అరవడంతో మొదలుపెట్టి, చీపురుపుల్ల దాకా.

ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్లజోడు తీసి, "వాసన చూసి పట్టుకున్నావా?" అన్నారు. "అవునండి." "సోమవారం ఎందుకు చూడలేదు?" ఒక్కసారే అడిగారు, మళ్లీ అడగలేదు. ఆ అడగకపోవడమే పెద్ద తిట్టు. వెళ్లి మంగమ్మని పరీక్ష చేసి, కొలతలు తీసుకుని, గీతలు తనే కొత్తగా గీశారు. ఒక రోజు కరెంటు ఎక్కువ రాశారు.

బుట్ట

ఇంకా తొమ్మిది కరెంట్లు మిగిలాయి. సున్నం కొరికిన చోట తోలు పచ్చిపుండైంది. వచ్చే వారం గురువారం పెళ్లి.

పోలయ్య బెంచీల దగ్గరే డాక్టరు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంటికి తీసుకుపోతానండి. మా పల్లెలో ముసలమ్మ పసరు కట్టుద్ది. పెళ్లయ్యాక తెస్తానండి."

"మధ్యలో అన్ని రోజులు ఆపితే లోపల తగ్గిన జబ్బు మళ్లీ లేస్తుంది పోలయ్యా," అన్నారు డాక్టరు గారు. "పుండుకి రెండు రోజులు విరామం ఇస్తాను. పెళ్లిరోజు ఒకటి వదిలేద్దాం. అంతకంటే ఇవ్వలేను."

మంగమ్మ నా వైపు తిరిగింది. "ఈ ఊదారంగు మెడేసుకుని పీటల మీదెలా కూకోమంటావమ్మా? జనం ఏమనుకుంటారు?"

వాళ్లు వెళ్లిపోతారని నాకు తెలిసిపోతోంది. అరిచి ఆపడం ఎలాగో నాకు తెలుసు. అరవకుండా ఆపడం తెలీదు. సిస్టర్ గారి వైపు చూశాను. ఆవిడ కావాలనే మందుల బీరువా సర్దుకుంటున్నారు. ఈసారి నేనే చెయ్యాలన్నమాట.

మంగమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. "నేను అరిచింది తప్పమ్మా. అంతమంది ముందు అన్నాను, ఇదిగో అంతమంది ముందే చెప్తున్నాను. పెళ్లిరోజు పొద్దున్నే నేను మీ ఊరొస్తాను. నేనే మందు పూసి, మెత్తటి గుడ్డ చుట్టి, పైన పమిట సర్ది కూర్చోబెడతాను. ఒక్క మాట మాత్రం. ఇంటి దగ్గర నుంచి ఏం తెచ్చుకున్నా నాకు చూపించు. నేను ఏమీ అనను. ఒట్టు."

"నువ్వా? అనకుండా ఉండగలవా?" అంది మంగమ్మ. బెంచీల మీద వాళ్లు నవ్వారు. నాలుగు వారాల్లో నాతో ఆవిడ అన్న మొదటి ఎకసెక్కం అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే కడియం వెళ్లి, మా నర్సరీలో మొక్కలు మోసే వెదురుబుట్ట ఒకటి కడిగి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. "ఏం తెచ్చుకున్నా ఇందులో పెట్టండి. తిట్టేవాళ్లు లేరు," అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. మొదటి రోజు ఎవరూ పెట్టలేదు. రెండోరోజు మంగమ్మ పసుపుడబ్బా తెచ్చి, ఠప్పుమని బుట్టలో పడేసి, నా మొహంలోకి చూసింది. పెదాలు కొరుక్కున్నాను గానీ ఏమీ అనలేదు. కాళ్లకి రాసుకోవచ్చని డాక్టరు గారిని అడిగి చెప్పి, డబ్బా తిరిగి ఇచ్చేశాను.

దాంతో బుట్ట నిండింది. వేపాకు, కలబంద, తులసి, ఎవరో బాబా ఇచ్చిన విభూతి, ఆముదం, ఏదో ఊరి నుంచి తెచ్చిన పేరులేని నల్లటి లేహ్యం. డాక్టరు గారు రోజూ ఒకసారి వచ్చి బుట్టలో చూసేవారు. ఇది ఇప్పుడు వద్దు, ఇది కరెంటు అయ్యి తోలు మానాక, ఇది ఎప్పటికీ వద్దు అనేవారు. నల్లటి లేహ్యం చూసి మాత్రం ఆయనకే చెమట్లు పట్టాయి.

గురువారం తెల్లారగానే రావులపాలెంలో బస్సు మారి, అరటిగెలల లారీల మధ్యలోంచి దారి చేసుకుని, ముహూర్తానికి రెండు గంటల ముందే వేటపల్లె చేరాను. మంగమ్మ మెడకి మందు పూసి, పాత నూలు పంచె చించి వదులుగా చుట్టి, పమిట సర్దాను. ఇంతలో వదినలు పసుపు గిన్నెలతో దిగారు.

"రావే, పిల్ల తల్లివి, ఒళ్లంతా రాయాల."

నేను నోరు తెరవబోయాను. మంగమ్మ చెయ్యెత్తి ఆపింది, నన్ను కాదు, వాళ్లని. "కాళ్లకి రాయండి. మెడ జోలికొచ్చారంటే ఊరుకునేది లేదు. మా ఆయమ్మ కడియం నుంచి వచ్చింది కాపలాకి."

"ఈ పిట్టంత పిల్లేనా?"

"పిట్టే. కూసిందంటే రాజమండ్రి దాకా వినపడుద్ది."

ఆ పెళ్లిలో అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే అనుకుంటాను. మంగమ్మ ఊదారంగు మెడతో, మణికట్టుకి తాళితో, పీటల మీద కూర్చుని పిల్లని అప్పగించింది. పోలయ్య ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. ఉప్పునీళ్లు మెడ మీద పడకూడదని నేనే చెప్పాను కదా.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి బల్ల మీదికి వచ్చింది. మిగిలిన కరెంట్లు ఒక్కటీ తప్పలేదు.

ఆఖరి రోజు

ఆఖరి కరెంటు అయ్యాక పోలయ్య మణికట్టు మీది ముడి విప్పాడు. మెడ ఇంకా మానలేదు గనక తాళి అప్పుడే కట్టొద్దన్నారు డాక్టరు గారు. పోలయ్య దాన్ని జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకునే నిలబడ్డాడు.

మంగమ్మ బుట్ట దగ్గరికి వెళ్లింది. ఇంకేం ఉంటుంది ఈవిడ దగ్గర అనుకున్నాను. బొడ్లోంచి ఒక చిన్న మూట తీసింది. పాతగుడ్డలో చుట్టిన చుట్టల కట్ట.

నోట్లో పుండు ఉంది, చుట్ట మానెయ్యమని మొదటిరోజే డాక్టరు గారు చెప్పారు. మానేసిందని మేమందరం కాగితం మీద రాసుకున్నాం.

"రోజుకోటి, బావి ఎనకాల," అంది నా కళ్లలోకి చూస్తూ. "పెళ్లినాటి నుంచి ముట్టుకోలేదు. దగ్గరుంచుకున్నాను, అంతే. నువ్వేం అనవన్నావు గదా, అందుకే సెప్తన్నాను."

నేను బుట్ట ఆవిడ దగ్గరికి జరిపాను. కట్ట అందులో పడింది. చాలా చిన్న చప్పుడు. ఆ పదమూడేళ్లలో నాకు ఎవరైనా ఇచ్చిన బహుమతి ఉందంటే అదే.

మంగమ్మ ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తుంది. మెడ మీద ఒక సన్నని తెల్లటి గీత ఉండిపోయింది, పారాణి కొరికినచోట. తాళి దాని మీదే వేలాడుతుంది.

మొన్న నన్ను పంపించే రోజున, కొత్తగా వచ్చిన అమ్మాయి బుట్టలోకి తొంగిచూసింది. అందులో రెండు కలబంద మట్టలు, ఒక జండూబాం డబ్బా, సగం కాల్చి ఆర్పిన చుట్ట ఉన్నాయి. "ఛీ, ఇదంతా పారేయనా అక్కా?" అంది.

పారేయకమ్మా. అది నిండుగా ఉన్నంతకాలం వాళ్లు నిన్ను నమ్ముతున్నట్టు. ఖాళీగా కనిపించిన రోజున, బల్ల దగ్గరికి వెళ్లి, గీతల్ని వాసన చూడు.